డేటాబేస్ సార్ తాబేలు గూడు

మొన్న ఆదివారం పొద్దున ఫోన్‌లో పాత విద్యార్థుల గ్రూపు ఆగకుండా మోగింది. డేటాబేస్ సార్ పోయారని ఎవరో రాశారు. దాని కింద ఒక్కొక్కరే వచ్చి నివాళి పెడుతున్నారు. అందులో పేర్లు చాలా తక్కువ. ‘నేను ఆయన నలభై రెండుని.’ ‘నేను నూట పదిని, పొద్దున ఏడింటి బ్యాచ్.’ ‘అరవై ఆరు, సార్‌కి వందనాలు.’ బయటివాళ్ళు చూస్తే ఏ జైలు నుంచో విడుదలైనవాళ్ళ సంఘం అనుకుంటారు.

సార్ పద్ధతి అది. కొత్త బ్యాచ్ మొదలైన రోజు గోడ పక్కన నిలబడ్డవాళ్ళతో సహా అందరికీ వరసగా నంబర్లు ఇచ్చేవారు. కోర్సు అయ్యేదాకా అదే పేరు. ‘ఒక్క రూములో అయిదుగురు శ్రీనివాస్‌లు ఉంటరు. శ్రీనివాస్ అని పిలిస్తే ఎవరు లేవాలె? పేరు మల్ల మల్ల వస్తది, నంబరు ఒక్కటే సారి వస్తది. టేబుల్‌ల ఏ వరసకైనా దాని నంబరు దానికుండాలె. లేకుంటే అది ఉన్నట్టా, లేనట్టా?’ ఇది ఆయన మొదటి పాఠం. చాలామందికి జీవితాంతం గుర్తున్న పాఠం కూడా ఇదే.

నాకు నంబరు లేదు. నేను ఆయన దగ్గర చదువుకోలేదు. అమీర్‌పేటలో ఆయన డేటాబేస్ పాఠాలు చెప్పే కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ముందు గదిలో ఎంక్వయిరీ బల్ల దగ్గర కూర్చునేదాన్ని. కోర్సుల వివరాలు చెప్పడం, డెమో క్లాసుకు తోలడం నా పని. కంప్యూటర్ ఉద్యోగాల కోసం ఊళ్ళకు ఊళ్ళు దిగిపోతున్న రోజులవి. ఒక బాల్కనీ నుంచి ఎదురు బాల్కనీకి బ్యానర్లు కట్టి ఉండడంతో సందుల్లో ఆకాశం కనిపించేది కాదు. మైత్రీవనం దాటేలోపల చేతిలో గుప్పెడు కరపత్రాలు చేరేవి.

మధ్యాహ్నం బ్యాచ్‌లు సద్దుమణిగాక నేను పంజగుట్ట వైపు నడిచి లైబ్రరీకి వెళ్ళేదాన్ని. ఇంటర్‌తో చదువు ఆగిపోయిన నాకు అదే కాలేజీ. పోటీ పరీక్షలవాళ్ళంతా జనరల్ నాలెడ్జ్ పుస్తకాల మీద పడేవారు కాబట్టి జంతుశాస్త్రం బీరువా మొత్తం నా ఒక్కదానిదే. అట్టలు ఊడిన పుస్తకాల్లో నేను పగడపు దిబ్బల దాకా వెళ్ళాను, మడ అడవుల్లో తిరిగాను. సాయంత్రం బల్ల దగ్గరికి తిరిగొచ్చి ‘కోర్సు రెండు నెలలండీ, మెటీరియల్ మేమే ఇస్తాం’ అని చెబుతున్నా కళ్ళ ముందు మాత్రం నీళ్ళు కదులుతూ ఉండేవి.

సార్‌తో మాటలు కలిసింది ఆ నీళ్ళ వల్లే. ఆయనది బోరబండ. వాళ్ళ నాన్న సనత్‌నగర్‌లో ఏదో కర్మాగారంలో పని చేసేవాడట. నలభై దాటినా ఆయన సముద్రం చూడలేదు. చిన్నప్పుడు రేడియోలో తుఫాను వార్తలప్పుడు ఏ రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో చెబుతుంటే, ఆ నంబర్లు వింటూ సముద్రాన్ని ఊహించుకునేవారట. తర్వాత చూస్తే ఆయన క్లాసు నిండా కోస్తా పిల్లలే. క్లాసు అయ్యాక మెట్ల మీద ఎవర్నో ఒకర్ని ఆపేవారు. ఒకరోజు కాకినాడ కుర్రాడు దొరికాడు.

‘మీ దగ్గర సముద్రం ఉన్నది గద. పొద్దుగాల అది ఏం చేస్తది?’

‘ఏం చేస్తుంది సార్... ఉంటుంది.’

‘ఉంటదని నాకు సుత ఎర్కే. ఏం చేస్తదని అడుగుతున్న.’

ఆ కుర్రాడు కాపాడమన్నట్టు నా వైపు చూశాడు. మాది తణుకు. సముద్రం నేను చూసింది రెండు మూడుసార్లే, కానీ చదివింది చాలా. పోటు ఎలా వస్తుందో, పాటు ఎలా తీస్తుందో, చంద్రుడితో పాటు ఆ వేళలు రోజూ ఎలా జరుగుతాయో నాకు తెలిసినంతా చెప్పాను. సార్ పెన్ను మూత నోట్లో పెట్టుకుని విన్నారు. ఏదైనా నచ్చితే ఆయన మొహంలో మొదట కదిలేది ఆ మూతే. తర్వాత అరచేతిని నేలకు సమాంతరంగా చాపి, మెల్లగా పైకి లేపి, మెల్లగా దించారు. ‘గిట్లనా?’ అన్నారు. అలాగే అన్నాను. ఆనాటి నుంచి ఆ మెట్ల దగ్గరికి రాగానే నాకు ఆ చెయ్యి చూపించేవారు. పలకరింపు అదే.

ఆ చలికాలం లైబ్రరీ నోటీసు బోర్డులో ఒక కాగితం చూశాను. బేగంపేట వైపు ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మేడమ్ ఏటా విద్యార్థుల్ని కాకినాడకు ఎదురుగా ఉన్న ఇసుక దీవికి తీసుకువెళ్తారు. పక్షులు, పీతలు, మడ చెట్లు చూసి రాసుకోవడం చదువు. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే సముద్రపు తాబేళ్ళ గూళ్ళు కాపాడడం పని. ఆ ఏడు ఆమె విద్యార్థినుల్లో సగం మంది అమీర్‌పేటలో కోర్సులకు ఫీజులు కట్టేశారట. అందుకే ఆసక్తి ఉన్నవాళ్ళెవరైనా రావచ్చని రాశారు. కింద ‘విద్యార్థులు మాత్రమే’ అని కూడా ఉంది. సార్‌కి చెప్పాను. మర్నాడు ఆయన మేడమ్ ముందు పంతొమ్మిదేళ్ళ ఆడపిల్లల వరసలో నిలబడ్డారు. మీరు ఏ ఇయర్ అండీ అని ఒకమ్మాయి నవ్వుతూ అడిగింది.

‘ఫెయిలైన చెల్లె. మల్ల రాస్తున్న.’

మేడమ్ కోస్తా క్రైస్తవ కుటుంబం మనిషి. గొంతు పెంచరు. పని చేసేటప్పుడు ఏదో ప్రార్థన గీతం పెదవుల్లోనే అనుకుంటూ ఉంటారు. ఆమె సార్‌ని ఎగాదిగా చూసి, రికార్డులు రాయడం వచ్చా అని అడిగారు. రావడమేమిటి మేడమ్, ఆయన పనే అది అని నేనే చెప్పాను.

పడవ మడ అడవుల మధ్య కాలువలో చాలాసేపు నిద్రపోతున్నట్టు సాగింది. ఆకుపచ్చటి గోడలు రెండు వైపులా కదిలిపోతున్నాయి. వేళ్ళు బురదలోంచి వేలెత్తి చూపుతున్నట్టున్నాయి. ఉన్నట్టుండి గోడలు అయిపోయాయి. ముందు అంతా వెలుగు. సార్ లేచి నిలబడబోయారు, పడవ ఊగింది, కూర్చోమని అందరం చొక్కా పట్టుకు లాగాం. అప్పుడే మేడమ్ మా వైపు తిరిగి పడవలో పాఠం మొదలుపెట్టారు: ఇసుకలో నడక ఎలా, తాబేలు జాడ ఎలా పోల్చాలి, గుడ్లు ఎలా ఎత్తాలి. అందరూ వింటున్నారు. సార్ వీపు మాకు, మొహం సముద్రానికి. ఒక్క మాటా చెవిన పడలేదని ఆయన మెడ చూస్తేనే తెలిసిపోతోంది. ఆ క్షణంలో ఆయన్ని కదపడానికి ఎవరికీ మనసు రాలేదు.

ఆ దీవి ఏముంది, సన్నగా వంగిన ఇసుక. ఒక వైపు నీళ్ళు కదలవు, రెండో వైపు ఆగవు. తెల్లవారే ముందు రెండు జట్లుగా బయల్దేరాం. తాబేలు వచ్చి వెళ్ళిన చోట ఇసుక మీద ట్రాక్టర్ టైరు పోయినట్టు జాడ ఉంటుంది. జాడ చివర గుడ్లు. నక్కలూ కుక్కలూ తవ్వి తినెయ్యకుండా వాటిని బకెట్‌లో ఎత్తి, కంచె వేసిన చోటికి తెచ్చి మళ్ళీ పాతాలి. మేడమ్, నేను, మరి కొందరం ఉత్తరం కొస వైపు వెళ్ళాం. సార్, ఇద్దరమ్మాయిలు దగ్గరి ఒడ్డు చూశారు.

ఎండెక్కాక మేం కంచె దగ్గరికి తిరిగొచ్చేసరికి సార్ ఇసుకలో బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నారు. ముందు తడి ఇసుక చదును చేసి, దాని మీద గుడ్లు పది పది చొప్పున వరసలుగా పేర్చారు. తెల్లగా, గుండ్రంగా, పింగ్‌పాంగ్ బంతుల్లా ఉన్నాయి. ఒక్కోదాని మీద పెన్సిల్‌తో చక్కటి దస్తూరీలో ఒక్కో నంబరు. ఒకమ్మాయి గుడ్డును చేతిలో తిప్పుతూ ఇసుక తుడిచి ఇస్తోంది, ఆయన రాస్తున్నారు.

‘చూడున్రి మేడం. ఒక్క గుడ్డు సుత మిస్ కాదు. రేపు ఏది పిల్ల అయిందో, ఏది కాలేదో నంబరుతోని చెప్పొచ్చు.’

మేడమ్ మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆ మొహంలో కోపం వస్తుందేమో అని చూశాను. రాలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

‘తిప్పారా సార్, వీటిని?’

‘తిప్పకుంట ఎట్ల రాస్తం మేడం. మంచిగున్న దిక్కు చూసి రాసినం.’

మేడమ్ నెమ్మదిగా చెప్పారు. కోడిగుడ్డు వేరు, ఇది వేరు. కోడి తన గుడ్డును తానే తిప్పుకుంటుంది. తాబేలు గుడ్డు ఇసుకలో పడిన కొన్ని గంటలకే లోపలి పిల్ల, ఇంకా పిల్ల కూడా కాని చుక్క, పై పెంకుకు అతుక్కుంటుంది. ఆ తర్వాత పైది పైనే ఉండాలి. తిప్పితే తెగిపోతుంది. సార్ పెన్సిల్ ఇసుకలో గుచ్చారు. అన్నీనా అని అడిగారు. చాలావరకు అనుకోవాలి, చెప్పలేం అన్నారు మేడమ్. తుడిచి ఇచ్చిన అమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది. సార్ ఆమెను చూసి, నీ తప్పు లేదు, రాసింది నేను అన్నారు.

కంచెలో చోటు తక్కువ. బతికే గూళ్ళకే చాలదు. అయినా ఆయన అడిగారు.

‘జర ఒక మూల ఇయ్యిన్రి మేడం. పెట్టి చూస్తం.’

మేడమ్ మూల చూపించారు. ఆయన మోచేతి దాకా చెయ్యి దించి, పైన ఇరుకుగా కింద గుల్లగా కూజా ఆకారంలో గుంత తవ్వి, ఒక్కో గుడ్డూ ఏ పక్క పైకి ఉందో ఆ పక్కే ఉంచి దించారు. మిగతా రోజులు ఆయన అందరికంటే ఎక్కువ పని చేశారు. ఇసుకలో కూరుకుపోయిన వలల ముక్కలు లాగారు, పీత బొరియలు చూశారు, పక్షుల పేర్లు నా దగ్గర నేర్చుకున్నారు. సాయంత్రాలు అందరం ఒడ్డున కూర్చునేవాళ్ళం. నీళ్ళ మీద వెలుగు పలచబడి, పిట్టలు తక్కువ ఎత్తులో ఎగిరిపోయి, దీవి ఎక్కడ ముగిసిందో సముద్రం ఎక్కడ మొదలైందో తెలియకుండా పోయేది. ఆయన అరచెయ్యి అప్పుడప్పుడూ దానంతటదే లేచి దిగేది.

గుడ్లు పగలడానికి నెలన్నర పైనే పడుతుంది. మేం అమీర్‌పేట వచ్చేశాం. ఆయన మాత్రం సగమే వచ్చారు. పొద్దున వస్తూనే నా బల్ల మీదికి వంగి, ఇయ్యాల అక్కడ ఎండ కొడుతున్నదా అని అడిగేవారు. నేను లైబ్రరీలో పేపరు చూసి కాకినాడ ఎండ చెప్పేదాన్ని. ఇసుక బాగా వేడెక్కితే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు పుడతాయని పుస్తకంలో చదివి చెబితే ఆయన పెన్ను మూత కదలనే లేదు. ‘ఏదైనా ఫికర్ లేదు చెల్లె. ఒక్కటన్నా కావాలె’ అన్నారు.

ఎండలు ముదిరాయి. కరెంటు పోతే జెనరేటర్ అందుకునేలోపు క్లాసు మొత్తం చీకటి. ఆ గదిలో ఊపిరాడనంత మంది. ఒకసారి అలా పోయినప్పుడు పిల్లలు గోల చేస్తున్నారు. సార్ గొంతు చీకట్లోంచి వచ్చింది. ‘జర సప్పుడు చెయ్యకున్రి. ఇట్లనే ఉంటది కావచ్చు లోపల.’ ఎక్కడ లోపల సార్ అని ఎవరో అడిగారు. గది అంతా వేడిగా, ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరగా నిశ్శబ్దమైపోయింది. తలుపు దగ్గర నిలబడ్డ నాకు పాదాల కింద గచ్చు ఇసుకలా అనిపించింది.

ఆ వేసవి బ్యాచ్‌కి ఆయన నంబర్లు ఇవ్వలేదు. పేర్లు అడిగి పిలవబోయారు. శ్రీనివాస్ అంటే ముగ్గురు లేచేవారు, ఎవరు చెప్పాలో తెలియక మళ్ళీ ముగ్గురూ కూర్చునేవారు. సార్‌కి ఏదో అయిందని నా దగ్గరకొచ్చి ఫిర్యాదు చేశారు.

చివరకు మేడమ్ ఫోన్ చేశారు. మన వారంలో పాతిన గూళ్ళు కదులుతున్నాయి, వస్తే రండి అన్నారు. ఇన్‌స్టిట్యూట్ యజమానికి అది నచ్చలేదు. బ్యాచ్ నడిమధ్యలో ఉంది, ఇప్పుడు వెళ్తే దీన్ని ఇంకొకరికి ఇచ్చేస్తానని అందరి ముందే అన్నాడు. ‘ఇయ్యిన్రి సార్. వాళ్ళు సుత మంచిగ చెప్తరు’ అని సార్ బ్యాగు భుజానికి తగిలించుకున్నారు. యజమాని అన్నంత పనీ చేశాడు కూడా.

పరీక్షలు లేని ముగ్గురమ్మాయిలు, మేడమ్, సార్, నేను. ఈసారి పడవలో ఆయన మేడమ్ ఎదురుగా కూర్చుని, ఆమె నోటి నుంచి వచ్చే ప్రతి మాటా విన్నారు. సముద్రం వచ్చినా తల తిప్పలేదు.

పిల్లలు పైకి రాబోయే ముందు గూటి మీద ఇసుక చిన్న గిన్నెలా కుంగుతుంది. సాయంత్రం ఎండ చల్లారాక ఆ గిన్నెలోంచి ఒక ముక్కు, తెడ్డు లాంటి ఒక రెక్క, ఆపైన పొంగిన పాలలా ఒక్కసారిగా అన్నీ. ఎవరో పిలిచినట్టు అన్నీ ఒకే వైపు. మా పక్క గూళ్ళు ఒకదాని తర్వాత ఒకటి అలా పొంగి ఖాళీ అయ్యాయి. ముందు సంతోషంతో కేకలు వేసిన అమ్మాయిలు, మూల గూడు వైపు చూసి మెల్లగా గొంతు తగ్గించుకున్నారు. సార్ ఆ గూటి పక్కనే కూర్చుని ఉన్నారు. అక్కడ ఇసుక చదునుగా, నిన్న ఎలా ఉందో అలాగే ఉంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

మేం వెళ్ళిపోవాల్సిన ఉదయం వచ్చింది. కదలని గూటిని చివర్లో తవ్వి చూడడం అక్కడ పద్ధతి. మేడమ్ మోకాళ్ళ మీద కూర్చుంటుంటే సార్ అడ్డం వచ్చారు. తాను తీస్తానన్నారు. ఆమె పక్కకు జరిగారు.

పై వరస గుడ్లు పసుపు పచ్చగా, లోపలికి సొట్ట పడి ఉన్నాయి. పెన్సిల్ గీతలు ఇంకా చెరగలేదు. ఆయన ఒక్కోటి రెండు వేళ్ళతో పట్టుకుని, ఏ పక్క పైకి ఉందో ఆ పక్కే ఉంచుతూ ఇసుక మీద దించుతున్నారు. అప్పుడు గుడ్లు తుడిచి ఇచ్చిన ఆ అమ్మాయే, ఇప్పుడు తిప్పినా ఏమీ కాదు సార్ అంది.

‘తెల్సు చెల్లె.’

అని అలాగే దించారు. ఇంకొకటి. ఇంకొకటి. మోచెయ్యి దాకా చెయ్యి లోపలికి పోయింది. అక్కడ ఆగిపోయింది. ఆయన మొహం చూసి మేడమ్ వంగారు. చెయ్యి చాలా మెల్లగా పైకి వచ్చింది. అరచేతిలో ఇసుక, ఆ ఇసుకలో నల్లగా, అగ్గిపెట్టె కంటే చిన్నది, ఒక రెక్క ఆడిస్తోంది.

అవి గుంపుగా తోసుకుంటూ పైకి వస్తాయి, ఒంటరిది అంత ఇసుక తవ్వుకోలేదు అని నేను చదివి ఉన్నాను. చదివినప్పుడు అది ఒక వాక్యం. ఇప్పుడు అది ఎన్ని రోజుల నుంచి ఆ చీకట్లో, కదలని వాటి కింద, పైకి పాకుతూ జారుతూ ఉందో అనుకుంటూ నేనూ మోకాళ్ళ మీద కూర్చున్నాను.

నీళ్ళలో వెయ్యొద్దు సార్, నడవాలి అని మేడమ్ చెప్పారు. నడిస్తేనే దానికి ఈ ఒడ్డు తెలుస్తుంది. ఆయన తడి ఇసుక మొదలయ్యే చోట దాన్ని దించారు. అది కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత ఒక పక్కకు ఒరుగుతూ బయల్దేరింది. ఎడమ రెక్క బలహీనం. రెండు జానలు నడిచి ఆగేది. కాకి ఒకటి దిగింది. సార్ ముట్టుకోకుండా, దాని వెనక నడుం వంచి, తన నీడ దాని మీద పడేలా నడిచారు. అది ఆగితే ఆగారు. పీత ఒకటి బొరియలోంచి కళ్ళెత్తితే చెప్పు తీసి దాని ముందు అడ్డం పెట్టారు. మేమంతా ఆయన వెనకే.

మొదటి అల దాన్ని వెనక్కి తోసేసింది. వెల్లకిలా పడి దానంతటదే తిరిగింది. రెండో అల కొంచెం తడిపి పోయింది. మూడోది తీసుకుంది.

సార్ దాని వెంట నీళ్ళలోకి దిగారు. ప్యాంటు మడవలేదు. మోకాళ్ళ దాకా, నడుం దాకా. అక్కడ నిలబడి నీళ్ళలోకి చూస్తున్నారు. నీళ్ళు ఆయన చుట్టూ లేస్తూ దిగుతూ ఉన్నాయి. లోపల ఏమీ కనిపించదని మాకు తెలుసు. పడవ వచ్చిందని మేడమ్ పిలిచారు. ఆయన తిరగలేదు.

‘బతుకుతదా మేడం?’

‘చాలా వరకు బతకవు సార్. తెలుసుకునే దారి కూడా మనకు లేదు.’

గాలికి ఆయన మాట సగమే ఒడ్డుకు చేరింది.

‘గట్లనే ఉండనియ్యిన్రి.’

మేం సామాన్లు ఎక్కించాం. ఇంకోసారి పిలిచాం. ఆయన కదలకపోవడంతో పడవే తిరిగి ఆయన దగ్గరికి వెళ్ళింది. మేడమ్ ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకుని పైకి లాగాం. చొక్కా జేబులోంచి పెన్నుల మీదుగా నీళ్ళు కారాయి. ఆయన తుడుచుకోలేదు. పడవ కాకినాడ వైపు తిరిగాక కూడా, మేమంతా ముందుకు కూర్చుంటే ఆయన ఒక్కరే వెనక్కి, తెరిచి ఉన్న సముద్రం వైపు మొహం పెట్టుకుని కూర్చున్నారు.